అభ్యంతరం ఉందండి

మొన్న ఆగమన కాలపు నాలుగో ఆదివారం తెనాలిలో మా గుడిలో నా కూతురి పెళ్ళి ప్రకటన మూడోసారి చదివారు. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలనీ మేము ఆగమన కాలం అంటాం. పాస్టరు గారిని అయ్యగారు అంటాం. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు అయ్యగారు, ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ వివాహం నిశ్చయమైందని గుడిలో చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడగడం మా పద్ధతి.

ఈ అయ్యగారు కుర్రవాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి ప్రార్థన చేసుకుందాం" అని మైకులో ఒక్క ఊపిరిలో అనేశాడు. మధ్యలో దోమ దూరే సందు కూడా లేదు. అయినా ఆ అరక్షణంలోనే మావాళ్ళ వరస మొత్తం తల తిప్పి నా వైపు చూసింది. మా తమ్ముడైతే నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని భుజాలు ఊపుతున్నాడు. నా పక్కన కూర్చున్న మా మేనత్త, డెబ్బైకి దగ్గరపడిన మనిషి, నా మణికట్టు పట్టుకుంది. మామూలుగా కాదు, పారిపోయే కోడిని పట్టుకున్నట్టు.

పెళ్ళికూతురి తల్లిని నేను. నన్నెందుకు అలా చూశారో, అత్త నన్నెందుకలా పట్టుకుందో చెప్పాలంటే రేపల్లెలో మా పాత ఇంటి వెనక బొప్పాయి చెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

అది ఏ సంవత్సరమంటే చెప్పలేను. నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేశాను. నిజానికి చదువే నన్ను ఆరులో మానేసింది, మర్యాద కోసం నేనింకో రెండేళ్ళు వెళ్ళొచ్చాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు అని మాత్రం తెలుసు. పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన లేదు, అవతలి ఒడ్డున చుట్టాలున్నవాళ్ళు పడవ కోసం కూర్చునేవారు. బస్సు కోసం కూర్చునేవాళ్ళం, కరెంటు కోసం కూర్చునేవాళ్ళం. ఇన్నిటికి కూర్చున్నవాళ్ళకి పండగ కోసం నాలుగు వారాలు కూర్చోవడం ఒక లెక్క కాదు అనేది మా నాయనమ్మ.

కూర్చోవడమంటే ఊరికే కాదు. నాయనమ్మ ఏడాది పొడుగునా గుడిలో కరిగిపడ్డ మైనాన్ని గరిటె వెనకతో గీకి సీసాలో దాచేది. ఆగమన కాలం మొదలయ్యే ముందు రోజు నన్ను బొప్పాయి చెట్టు దగ్గరికి పంపేది. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. నాలుగు కాడలు ఒకే పొడుగున కోసి, అడుగు బంకమట్టితో మూసి, మధ్యలో ఒత్తి వేలాడదీసి, కరిగిన మైనం పోసేది. ఒత్తి మా అత్త కుట్టుమిషను దారమే, పన్నెండు పోగులు మెలిపెట్టి చేసింది. మైనం గట్టిపడ్డాక కాడ ఒలిచేస్తే కొవ్వొత్తి. పచ్చి బొప్పాయి పాల వాసనా వేడి మైనం వాసనా కలిసి మా వంటింట్లో రెండు రోజులుండేది. ఇప్పటికీ కూరల కొట్లో పచ్చి బొప్పాయి వాసన తగిలితే నాకు ఏదో పాట గుర్తొస్తున్నట్టుంటుంది.

ఆ ఏడు నేను కాస్త సాయం చేశాను. గుడిలో బలిపీఠం మీద ఆ నాలుగు వారాలూ ఊదారంగు గుడ్డ కప్పుతారు. "మన కొవ్వొత్తులూ ఊదాగా ఉంటే ఎంత బాగుణ్ణు" అని నాయనమ్మ ఎప్పుడో అంది. అందుకని ఆవిడ అటు తిరగగానే మైనం గిన్నెలో బట్టలకి పెట్టే నీలిమందు ఒక గుప్పెడు వేశాను. మైనం బుస్సుమంది. నీలిమందు కరగలేదు, అడుక్కి పోయింది. కాడలు ఒలిచి చూస్తే నాలుగు కొవ్వొత్తులకీ పైన గోధుమరంగు ఒళ్ళు, కింద నీలం కాళ్ళు.

"చాకిరేవులో దిగొచ్చాయే ఇవి" అంది నాయనమ్మ. నన్ను కొట్టడానికి గరిటె ఎత్తింది కానీ నవ్వొచ్చేసి దించేసింది.

ఆ నాలుగింటినీ ఇత్తడి పళ్ళెంలో కొత్త వడ్లు పోసి నిలబెట్టేవాళ్ళం. ఆదివారం పొద్దుగూకే వేళకి ఒక్కొక్కటే. మొదటిది నాయనమ్మ వెలిగించాలి. రెండోది మా నాన్న. ఆయన పొన్నూరులో రైసు మిల్లు గుమాస్తా, శనివారం వచ్చి సోమవారం పోయేవాడు. మూడోది మా అమ్మ. నాలుగోది ఇంటి ఆడపిల్ల, అంటే మా అత్త, నాన్న చెల్లెలు. నాలుగోది వెలిగేదాకా ఇంట్లో పండగ పాట పాడకూడదు, పిండివంట ముట్టకూడదు. నాయనమ్మ మంచం కింద డబ్బా మూత తీస్తే ఆ చప్పుడు ఆవిడకి నిద్రలో కూడా వినబడేది. ఆ విషయం నేను స్వయంగా పరీక్షించి తెలుసుకున్నాను.

అత్తకి ఇరవై తొమ్మిదేళ్ళు. వచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒకటి అని వెళ్ళిపోయాయి. ఒకరు పొట్టి అన్నారు, ఒకరు పొడుగన్నారు. "వాళ్ళిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి టేపుతో కొలవాలి" అనేది అత్త. అత్త దగ్గర టేపు ఎప్పుడూ మెళ్ళోనే ఉండేది, ఎందుకంటే మా వీధి మొత్తానికీ బట్టలు కుట్టేది ఆవిడే. చేత్తో తిప్పే నల్ల మిషను, దాని మీద బంగారు రంగు తీగలు. ఆగమన కాలం వచ్చిందంటే మా వసారా నిండా కొత్త గుడ్డలు. గంజి వాసన, మిషను నూనె వాసన, బయటినుంచి కోసిన వరి వాసన. ఒక్కో ఇంటివాళ్ళు తెనాలి వెళ్ళి ఒకే తాను తెచ్చి పిల్లలందరికీ అదే కుట్టించేవారు. పండగనాడు ఒకే పువ్వుల గుడ్డలో ఏడుగురు పిల్లలు గుడికొచ్చేవారు, మిగిలిన ముక్క వాళ్ళింటి కిటికీకి తెరై వేలాడేది.

నా పని గుండీలు కుట్టడం. అత్త మిషను తిప్పుతూ నాకు కబుర్లు చెప్పేది, నేను అత్తకి వీధి కబుర్లు చెప్పేదాన్ని. సగం నిజం, సగం నేను కుట్టినవి. అత్తకి రెండిటికీ తేడా తెలిసేది. "ఇక్కడ కుట్టు ఊడిందే" అనేది.

ఆ ఏడే సంబంధం కుదిరింది. బాపట్ల దగ్గర కర్లపాలెం. పెళ్ళికొడుకు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ముప్పై అయిదేళ్ళు, తల్లీ తండ్రీ లేరు, పెంచింది అక్క. ఆవిడ టీచరు, కళ్ళజోడుకి బంగారు రంగు గొలుసు. పండగ వెళ్ళిన మూడో రోజున పెళ్ళి. ఆగమన కాలంలో మాలో పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి, రెండు, మూడు, నాలుగు ఆదివారాల్లో ప్రకటనలు చదివితే లెక్క సరిపోతుంది. ఒక్క ప్రకటన తప్పినా ఆ ముహూర్తం పోయినట్టే.

రెండో ఆదివారం మొదటి ప్రకటన. అప్పటి అయ్యగారు పెద్దాయన. మెల్లగా చదివి, "ఎవరికైనా అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే చెప్పవలెను" అనేవారు. అని ఆగేవారు. కళ్ళజోడు తీసి, అంగీ అంచుతో ఒక అద్దం తుడిచి, రెండో అద్దం తుడిచి, పెట్టుకుని, మగవాళ్ళ వైపు చూసి, ఆడవాళ్ళ వైపు చూసేవారు. నిజంగానే ఎవరైనా చెబుతారేమోనన్నట్టు. ఆ కాసేపూ గుడి కప్పు మీద పావురాలు నడిచే చప్పుడు వినబడేది. మొదటిసారి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వారం మధ్యలో కళ్ళజోడావిడ మా ఇంటికొచ్చింది. చీరలు చూసింది, పెట్టె చూసింది, వసారాలో మిషను చూసింది.

"ఇదెందుకులెండి పిన్నిగారూ" అంది నాయనమ్మతో. "మా ఇంట్లో ఆడవాళ్ళు ఊళ్ళోవాళ్ళకి కుట్టిపెట్టే అలవాటు లేదు. మా తమ్ముడికి ఉద్యోగముంది కదండీ."

"అయ్యో, అలాగేనమ్మా, అలాగే. ఇక్కడే ఉంటుందిలే" అంది నాయనమ్మ గబగబా. ఇన్నాళ్ళకి కుదిరిన సంబంధం ఒక మిషను దగ్గర ఆగిపోతుందేమోనని ఆవిడ భయం.

మర్నాడు మధ్యాహ్నం నేను గుండీల డబ్బా కోసం వసారాలోకి పోతే, అత్త మిషనుకి నూనె పెట్టి, తుడిచి, పాత చీర ముక్క కప్పి, ఆ చీర మీద తల ఆనించి ఏడుస్తోంది. చప్పుడు లేకుండా. మిషను చక్రం పట్టుకుని.

నేను వెనక్కొచ్చేశాను. నాకూ ఏడుపు కావలసినంత ఉంది. అత్త వెళ్ళిపోతే నా కబుర్లు ఎవరు వింటారు? మా అమ్మకి తీరిక లేదు, నాయనమ్మకి నమ్మకం లేదు.

మూడో ఆదివారం పొద్దున గుడి అరుగు మీద సండే స్కూలు. టీచరు గారు ఆ రోజు ఇంకే కథా దొరకనట్టు అననీయ, సప్పీరాల కథ చెప్పారు. ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ పెద్దల ముందు నిజం దాచారు. దాచగానే ఆయన దబ్బున పడి చచ్చిపోయాడు. మూడు గంటల తర్వాత ఆవిడ వచ్చి అదే అబద్ధం చెప్పింది, ఆవిడా దబ్బున పడింది. "గుడిలో అడిగినప్పుడు మనసులో ఉన్నది దాచకూడదు పిల్లలూ" అన్నారు టీచరు గారు. నేను లోపలికెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చునేసరికి ఆ 'దబ్బున' నా చెవుల్లోనే ఉంది.

ఆ రోజు కళ్ళజోడావిడ కూడా ప్రకటన వినడానికి మా గుడికి వచ్చింది. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. నాటుకోడి పొయ్యి మీద పెట్టి వచ్చాం.

అయ్యగారు రెండో ప్రకటన చదివారు. అభ్యంతరము ఉన్నయెడల అన్నారు. కళ్ళజోడు తీశారు. ఒక అద్దం తుడిచారు. నాకు అభ్యంతరం ఉంది. ఉన్నట్టు నాకు తెలుసు, దేవుడికి తెలుసు. రెండో అద్దం తుడుస్తున్నారు. నోరు మూసుకుని కూర్చుంటే దబ్బున. అయ్యగారు ఆడవాళ్ళ వైపు తిరిగేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను.

"ఉందండి" అన్నాను.

పావురాలు కూడా ఆగిపోయాయి.

"ఏంటమ్మా?" అన్నారు అయ్యగారు, చెవి ముందుకు పెట్టి.

"అభ్యంతరం ఉందండి. మా అత్త ఏడుస్తోందండి."

మా అమ్మ నా గౌను పట్టి ఒక్క లాగు లాగింది. కూలబడ్డాను. అయినా చచ్చిపోలేదు కాబట్టి నేను చేసింది సరైనదే అనుకున్నాను.

ఇంకెవరైనా అయితే నవ్వి వదిలేసేవారు. మా అయ్యగారు వదలలేదు. అడిగింది ఆయన. జవాబు వచ్చింది. "దీన్ని విచారించి, రెండు కుటుంబాలతో మాట్లాడిన తర్వాతే మూడో ప్రకటన చదువుతాను" అని చెప్పి పుస్తకం మూసేశారు.

గుడి మెట్ల మీద కళ్ళజోడావిడ నాన్నని నిలదీసింది. "పిల్ల ఏడుస్తుంటే బలవంతంగా మా వాడికి కట్టబెడుతున్నారా అన్నయ్యగారూ? ముందే చెబితే పోయేదిగా?" భోజనానికి కూడా రాకుండా బస్సుకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నాన్న చెయ్యెత్తాడు. నాయనమ్మ అడ్డమొచ్చింది. "గుడిలో అడిగారు, అది చెప్పింది. కొట్టాలంటే అడిగినాయన్ని కొట్టు." అంటూనే నా వైపు తిరిగి, "నోరు మాత్రం కుట్టెయ్యాలే నీకు. మిషనుందిగా" అంది.

తర్వాత అత్త దగ్గరికెళ్ళి కూర్చుంది. "నిజంగా ఏడ్చావా?"

"సూది గుచ్చుకుందమ్మా" అంది అత్త.

ఆ మధ్యాహ్నం నాటుకోడి కూర ఎవరూ సరిగా తినలేదు. కూర అంత రుచిగా ఉండటం నా తప్పు కాదు, నేను తిన్నాను. సాయంత్రం అమ్మ మూడో కొవ్వొత్తి వెలిగించింది. మిగతా ఏళ్ళు ఆ వెలుగులో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆ రోజు కొవ్వొత్తుల చిటపటలు తప్ప ఇంకేం వినబడలేదు.

ఆ వారం మా ఇంట్లో గడిచినంత మెల్లగా ఏ వారమూ గడవలేదు. కర్లపాలెం నుంచి, ఆలోచించుకుని చెబుతాం అని కబురొచ్చింది. అరిసెలకని నాయనమ్మ నానబోసిన బియ్యం దంచే మనసు లేక అట్లకి రుబ్బేసింది. పండగ బియ్యం అట్లయిపోవడం ఎప్పుడూ చూడలేదు నేను. తినడానికి బాగానే ఉన్నాయి కానీ ఎవరూ బాగున్నాయనలేదు. నాన్న వారం మధ్యలో ఒకసారి పొన్నూరు నుంచి వచ్చి, ఏదైనా తెలిసిందా అని అడిగి, మళ్ళీ బస్సెక్కాడు. అత్త మాత్రం వంచిన తల ఎత్తకుండా ఊరివాళ్ళ గౌనులు కుట్టింది. నాతో మాట్లాడటం మానలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. తిడితే ఓ పని అయిపోయేది.

"అత్తా, నా వల్ల పెళ్ళి ఆగిపోతుందా?" అని బుధవారమో గురువారమో అడిగాను.

"నాలుగో గుండీ వదులుగా ఉంది చూడు" అంది.

శనివారం మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని గుండీలు కుడుతుంటే ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో గుడ్డ సంచి. రెండు బస్సులు మారిన దుమ్ము నెత్తి మీదే ఉంది. దగ్గరికి రాగానే ఆసుపత్రి మందుల వాసన, దాని కింద కాస్త గేదెల వాసన. ఫొటోలో మీసం ఇంకా గుబురుగా ఉంది కానీ పోల్చుకున్నాను.

"అభ్యంతరం నీదేనా?" అన్నాడు.

సూది నా వేల్లో దిగింది. "నాదేనండి."

"ఇంకా ఉందా?"

"ఉందండి."

"సరే, కూర్చుని మాట్లాడుకుందాం. కాళ్ళు లాగేస్తున్నాయి." అరుగు చివర కూర్చున్నాడు. "మీ అత్త ఎందుకేడ్చింది?"

"సూది గుచ్చుకుందంటండి."

"ఎక్కడ?"

"ఎక్కడా లేదండి. పది వేళ్ళూ చూశాను."

ఆయన తలూపాడు. "నేను రోజూ పశువులకి సూదులేస్తానమ్మా. సూదికి ఏదీ ఏడవదు. తంతుంది."

నాకు ఆయన నచ్చడం మొదలైంది. నచ్చకూడదని ఎంత అనుకున్నా ఆగలేదు. మొత్తం చెప్పేశాను. వాళ్ళక్క అన్న మాట, నాయనమ్మ అలాగే అలాగే అనడం, నూనె పెట్టి చీర కప్పడం, చక్రం పట్టుకుని ఏడవడం. ఆ ఒక్కసారి మాత్రం ఒక్క ముక్క కూడా సొంతంగా కుట్టలేదు.

"మా అక్క నాకు చెప్పలేదు" అన్నాడాయన.

ఇంతలో నాయనమ్మ గుమ్మంలోకొచ్చి, గుర్తుపట్టి, కొంగు భుజాల నిండా కప్పుకుంది. "ఏంటి బాబూ ఇది! పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు గడప తొక్కడమేంటి?"

"గడప తొక్కలేదండి. అరుగే" అన్నాడాయన లేచి నిలబడి. "చొక్కా కుట్టించుకోడానికి వచ్చానండి. బాపట్లలో టైలర్లందరూ పండగ తర్వాతే అంటున్నారు." సంచిలోంచి లేత నీలం చొక్కా గుడ్డ తీశాడు.

"మా అమ్మాయి మగవాళ్ళకి కుట్టదు బాబూ."

తలుపు వెనక గాజులు కదిలాయి. కాసేపటికి తలుపు సందులోంచి కొలతల టేపు వచ్చి నా ఒళ్ళో పడింది. "నువ్వు కొలిచి చెప్పవే. నేను రాసుకుంటా" అంది అత్త గొంతు.

నా బతుకులో నేను తీసిన మొదటి కొలతలవి. ఆయన వంగి నిలబడ్డాడు, నేను అరుగెక్కి నిలబడ్డాను. భుజం పదిహేడు. ఛాతీ ముప్పై ఆరు. చెయ్యి ఇరవై మూడు. ప్రతి అంకెనీ గుడి గంటలా అరిచి చెప్పాను. ఎదురింటివాళ్ళు కూడా రాసుకునే ఉంటారు. ఆ హడావిడిలో టేపు తిరగబడింది. ఒక వైపు అంగుళాలు, ఒక వైపు సెంటీమీటర్లు అని నాకెవరూ చెప్పలేదు.

"మెడ ముప్పై ఎనిమిదీ!" అన్నాను.

తలుపు వెనక పెన్సిలు ఆగింది.

"మనిషికా, గేదెకా?" అంది అత్త.

ముందు నవ్వింది ఆయనే. అరుగు మీద కూలబడి నవ్వాడు. తర్వాత తలుపు వెనక నవ్వు వినబడింది. వారం రోజుల తర్వాత మా ఇంట్లో నవ్వు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

నవ్వు ఆగాక ఆయన తలుపు వైపు కాస్త గట్టిగా అన్నాడు. "మా ఊళ్ళో కుట్టేవాళ్ళు సరిగ్గా లేరండి. ఈ మిషను గనక కర్లపాలెం వస్తే ఊరికే మేలు. మా అక్కతో నేను మాట్లాడతాను. ఆవిడకీ జాకెట్లన్నీ బిగుతైపోయాయి, ఎవరికీ చెప్పుకోలేకపోతోంది."

నేను గుండీ పట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఆయనా ఊపిరి బిగబట్టాడు, చొక్కా బొత్తాల దగ్గర తెలుస్తూనే ఉంది.

"జేబు ఒకటా, రెండా?" అంది అత్త.

"ఒకటి చాలండి" అన్నాడాయన.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకి ఆయనా కళ్ళజోడావిడా దిగారు. ఆవిడ మొహం ముడుచుకునే ఉంది కానీ చంకలో ఒక కాగితం పొట్లం ఉంది, దాన్ని మాట్లాడకుండా అత్త చేతికిచ్చింది. విప్పితే మూడు జాకెట్లు. గుడి గుమ్మంలో అయ్యగారు అత్తని పక్కకి పిలిచి, అందరూ వినేలాగే అడిగారు. "నీ ఇష్టంతోనేనా అమ్మా?"

"అవునండి" అంది అత్త. తర్వాత తల దించుకుని, "మిషనుతో" అంది.

అయ్యగారు మూడో ప్రకటన చదివారు. అభ్యంతరము ఉన్నయెడల అన్నారు. కళ్ళజోడు తీశారు. ఆ రోజు అద్దాలు ఎంతసేపు తుడిచారో నాకు తెలుసు, ఆ తుడుపంతా నా కోసమే. పెట్టుకుని నేరుగా నా వైపు చూశారు. గుడంతా చూసింది. ముందు వరసలోంచి అత్త కూడా మెడ తిప్పి నన్నే చూసింది. నోరెత్తావంటే చూడు అంటోందనుకున్నాను.

నాకు ఇంకా అభ్యంతరం ఉంది. మిషను సంగతి తేలింది కానీ నా సంగతి తేల్లేదు. అత్త వెళ్ళిపోతుంది, దానికి తోడు ఇప్పుడు మిషను కూడా వెళ్ళిపోతుంది. ఆపుదామని లేచి, ఉన్నదానికి ఇంకోటి కలిపి పంపించాను. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దబ్బున పడటానికి సిద్ధమై కూర్చున్నాను. పావురాలు నడిచాయి. అయ్యగారు పుస్తకం తిప్పారు. పాట మొదలైంది. నేను చచ్చిపోలేదు.

ఆ సాయంత్రం నాలుగో కొవ్వొత్తి దగ్గర అత్త అగ్గిపుల్ల గీసి నా చేతికిచ్చి, తన చెయ్యి నా చేతి మీద పెట్టింది. నీలం కాళ్ళ కొవ్వొత్తులు నాలుగూ ఒకేసారి వెలిగాయి. నాయనమ్మ మంచం కింద డబ్బా తీసింది. అరిసెలు లేవు, జంతికలే. అయినా ఆ ఏడు జంతికల్లాంటి జంతికలు మళ్ళీ తినలేదు.

పెళ్ళయ్యాక బస్సు మీద పెట్టె పక్కన మిషను కట్టారు. అది ఊగకుండా చూడమని కండక్టరుకి చెప్పింది కళ్ళజోడావిడే. మామయ్య అయినాయన లేత నీలం చొక్కా వేసుకున్నాడు, మెడ సరిగ్గా సరిపోయింది. నాలుగేళ్ళ తర్వాత చదువు నన్ను పూర్తిగా వదిలేశాక నేనూ అదే దారిన కర్లపాలెం బస్సెక్కి, అత్త పక్కన కూర్చుని కత్తెర పట్టుకున్నాను. ఇప్పుడు తెనాలిలో నాకు నాలుగు మిషన్ల కొట్టుంది. కొత్తగా చేరిన ఆడపిల్లలకి మొదట నేర్పేది టేపులో అంగుళాల వైపేదో.

నాయనమ్మ లేదు. ఆ బొప్పాయి చెట్టున్న చోట ఎవరిదో మేడ లేచింది. పెనుమూడి దగ్గర వంతెన వచ్చింది, పడవ కోసం ఎవరూ కూర్చోరు. మామయ్య పోయి మూడేళ్ళయింది. ఆ చొక్కా ఒక దిండుగలీబై అత్త మంచం మీద ఉంది.

మొన్న గుడిలో ప్రార్థన అయిపోయి అందరూ లేస్తున్నా అత్త నా మణికట్టు వదల్లేదు. ఆవిడకి ఈ మధ్య చెవి సరిగా వినబడదు.

"అడిగేశాడా?" అంది.

"అడిగేశాడత్తా."

"ఎప్పుడు? ఆగలేదేం?"

"ఇప్పుడెవరూ ఆగరు. అయిపోయింది."

అత్త బలిపీఠం మీది ఊదా గుడ్డ వైపు చూసింది. నా కూతురు అక్కడ స్నేహితురాళ్ళ మధ్య నిలబడి నవ్వుతోంది. పెళ్ళయ్యాక అది ఉండబోయే దూరదేశపు ఊరి పేరు పలకడం నాకింకా రాలేదు.

"నా పెళ్ళప్పుడు, ఆ మూడోసారి కూడా నీకు అభ్యంతరం ఉంది కదే?" అంది అత్త. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"ఉందత్తా. నువ్వు తిరిగి చూస్తే భయపడి నోరు మూసుకున్నాను."

"భయపెట్టడానికి కాదే చూసింది." అత్త మణికట్టు వదిలి చెయ్యి పట్టుకుంది. "నాకూ ఉంది, కాస్త. లేస్తావేమోనని చూశాను."

అత్త తన కళ్ళజోడు తీసి, చీర కొంగుతో ఒక అద్దం తుడిచింది, రెండో అద్దం తుడిచింది, పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నీ సంగతేంటే ఇప్పుడు?" అంది. అని ఆగింది.